సున్నా దాకా దిగని నూకరత్నం

గెడ్డపాలెం జిల్లా కలెక్టరేటులో ప్రజల బాధను కలెక్టరు గారి కుర్చీ దాకా చేరవేసే బఫరుగా నూకరత్నం పనిచేస్తోంది. కౌంటరు దగ్గర ఎవరూ లేనప్పుడు కూడా ఆమెలోంచి కుర్చీలోకి కాస్తంత బాధ కారుతూనే ఉందన్న సంగతి, కొత్త కలెక్టరు గారు వచ్చిన నెలలోనే బయటపడింది.

బఫరు అంటే ఏమిటో ఆ జిల్లాలో పాలు పోసేవాళ్ళకు కూడా తెలుసు. బయటివాళ్ళ కోసం చెప్పాలి. పూర్వం కౌంటరు మీదున్న ఇత్తడి పలక నుంచి కలెక్టరు గారి కుర్చీకి నేరుగా తీగ ఉండేది. వచ్చినవాళ్ళు పలక మీద చెయ్యి పెడితే వాళ్ళ బాధ కుర్చీకి అందేది. కానీ ఆ కుర్చీ బాగా పాతది, బరువైనది, చాలా లాగితే గాని దానికి ఏదీ తెలిసేది కాదు. ఒకసారి సముద్రం మీద వేటకెళ్ళిన మొగుడు తిరిగిరాని ఒక పల్లెకారుల మనిషి వచ్చి పలక మీద చెయ్యి పెట్టింది. కుర్చీకి కాస్త చురుక్కుమనేసరికి ఆమెలో ఉన్నదంతా ఖాళీ అయిపోయింది. ఎందుకొచ్చిందో మరిచిపోయి బస్సెక్కి ఇంటికి వెళ్ళింది. దండెం మీద ఆరేసి ఉన్న మొగుడి చొక్కా చూసి, ఇదెవరిదమ్మా అని అత్తగారిని అడిగింది.

ఆ తరవాత ప్రభుత్వం మధ్యలో ఒక మనిషిని కూర్చోబెట్టాలని నిర్ణయించింది. వచ్చినవాళ్ళ దగ్గర్నుంచి ఆ మనిషి చిటికెడు కూడా తీసుకోకూడదు. కుర్చీ ఎంత అడిగితే అంత ఇవ్వాలి. ఉన్నదానికి ఏదీ కలపకూడదు, ఉన్నదాంట్లో ఏదీ తగ్గించకూడదు. ఇవ్వడానికి కావలసిన సత్తువ గోడలోంచి వస్తుంది. దానికోసం ఐదు వోల్టుల సర్కారు కరెంటు మంజూరైంది. ఆ ఉద్యోగానికి చాలామంది వచ్చారు గాని, కొందరు విన్నదానికి తమది కలిపేసేవారు, కొందరికి సగంలో నిద్రొచ్చేది. నూకరత్నం ఒక్కతే వచ్చింది వచ్చినట్టుగా అటు పంపగలిగింది. ఎడమ అరచెయ్యి పలక అడుగున, కుడి అరచెయ్యి గోడలోకి పోయే రాగి పట్టీ మీద పెట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎత్తు స్టూలు మీద కూర్చునేది.

గోడలో ఉన్నది ఐదు వోల్టులే కాబట్టి అంతకు మించిన బాధ ప్రభుత్వం దగ్గర లేదు. ఒక కొడుకు పోయిన తల్లి వచ్చినా ఐదే, ఇద్దరు కొడుకులూ పోయిన తల్లి వచ్చినా ఐదే. తేడా నూకరత్నం ఎడమ చేతికి తెలిసేది, కుడి చేతికి తెలిసేది కాదు. మొదట్లో ఆమెకు ఇది కష్టంగా ఉండేది, తరవాత అలవాటైంది. పై అంచు గురించి ఏ కలెక్టరు గారూ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఫిర్యాదు వచ్చింది కింది అంచు గురించి.

కొత్త కలెక్టరు గారు పద్ధతి గల మనిషి. రెండో శనివారం నాడు ఆఫీసులో స్టూలు మీద నూకరత్నం తప్ప ఎవరూ లేనప్పుడు పెండింగు పని చూసుకుంటూ పెరుగన్నం తింటుంటే ఆయనకు కళ్ళు చెమర్చాయి. పెరుగు పులిసిందేమో అనుకున్నారు. సోమవారం కౌంటరు తెరవకముందు మళ్ళీ అదే జరిగింది. ఇంట్లో ఎంత వెతుక్కున్నా ఆయనకు ఏడవదగ్గ విషయం కనిపించలేదు. "నాకు సొంతంగా బాధలేమీ లేవు. కాబట్టి ఇది ఆఫీసుదే అయి ఉండాలి. తగు చర్య తీసుకోవలెను" అని రాసి విద్యుత్ విభాగానికి పంపించారు.

విద్యుత్ విభాగం ఏ.ఈ. లింగమూర్తి మీటరు పట్టుకుని వచ్చాడు. మంచివాడు, మాట మెత్తన. ఇత్తడి పలకను గుడ్డతో తుడిచి, దాని మీద ఎవరూ చెయ్యి పెట్టకుండా అటెండరును కాపలా ఉంచి, మొదట ఎడమ పక్క కొలిచాడు. సున్నా. తరవాత కుడి పక్క కొలిచాడు. ఇరవై మిల్లీవోల్టులు.

"అమ్మా, ఇప్పుడు మీకేమైనా అనిపిస్తోందా?" అని అడిగాడు.

"ఏం లేదండి. మామూలుగానే ఉంది," అంది నూకరత్నం.

"మామూలుగా అంటే?"

"గిన్నె తోమి బోర్లించినా అడుగున ఒక చుక్క అతుక్కుని ఉంటుంది చూడండి. అలాగ."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ ఉంటుంది గదండి. అందరికీ ఉండదా?"

లింగమూర్తి మీటరు తీగలు చుట్టుకుంటూ తనకు ఉందో లేదో ఆలోచించుకున్నాడు.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక నూకరత్నం మొగుణ్ణి అదే అడిగింది. సూరిబాబు జూట్ మిల్లులో పనిచేస్తాడు. నవ్వించే మనిషి. అతను చెప్పే మాటలకు ఆమె నవ్వేది కూడా, కానీ నవ్వు అయిపోయాక ముఖం ఎక్కడో ఒకచోట ఆగిపోయేది.

"ఏటండి, మీకు ఏ బాధా లేనప్పుడు ఎలాగుంటాది?"

"ఎలాగుంటాదేటి? ఏటీ ఉండదు. పడుకుంటే నిద్దరొచ్చేస్తాది."

"అడుగున ఏటీ మిగల్దా?"

"ఏటి మిగుల్తాదే? నాకు కూడా బఫరు ఉద్యోగం ఇచ్చినారేటి?" అన్నాడు సూరిబాబు. అని, భార్య నవ్వకపోవడం చూసి దుప్పటి సర్దుకుని, "పెళ్ళయిన కాణ్ణించీ నువ్వంతే. ఏదో ఇనబడినట్టు కూకుంటావు. నీ సొభావం అదే అనుకున్నాను," అన్నాడు.

ఉద్యోగంలో చేరాక వచ్చిందో, పుట్టుకతో ఉన్నదో తేల్చుకోలేక నూకరత్నం చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. అందరిలో లేనిది తనలో ఉందని తెలియడం ఆమెకు అదే మొదటిసారి.

పద్ధతి ప్రకారం ముందు ఆమె సొంత బాధలు పరిశీలించాలని ఒక కమిటీ ఇంటికి వచ్చింది. మజ్జిగ తాగి ఒక్కొక్క గది చూశారు. గోడ మీద దండ వేసి ఉన్న ఫొటో చూసి ఎవరని అడిగారు. మా అమ్మ అంది నూకరత్నం. పోయినప్పుడు ఎంత బాధపడిందీ, ఇప్పుడెంత మిగిలి ఉందీ అడిగారు. అమ్మ నిండు వయసులో, వేసవిలో, అందరూ చుట్టూ ఉండగా పోయిందని ఆమె చెప్పింది. ఆ బాధ ఎప్పుడో ఆరిపోయిందని కమిటీకి నమ్మకం కలిగింది. సూరిబాబును చాటుకు పిలిచి, కొడతావా అని అడిగారు. అతను నొచ్చుకున్నాడు. మిగిలిన ఇరవై ఆమె సొంతం కాదనీ, ప్రజలది అంతకన్నా కాదనీ, ఎవరిదీ కానిదనీ తేల్చి కమిటీ తిరిగి వెళ్ళింది.

అప్పుడు లింగమూర్తి కలెక్టరు గారికి విషయం విడమరిచి చెప్పాడు.

"సార్, ఈమెకు మనం ఇచ్చిన సరఫరా సున్నా నుంచి ఐదు దాకా. సున్నా అంటే ఈమె కాళ్ళు ఆనిన నేల. నేల మీద నిలబడ్డ మనిషి ఎంత ఒంగినా, నేలలోకి మాత్రం ఒంగలేదు కదండి. చివర్లో కాస్త ఎడం ఉండిపోతుంది. అది ఆమె తప్పు కాదు. మధ్యలో కూర్చునే ఎవరికైనా అంతే."

"మరి సున్నా రావాలంటే?"

"కాళ్ళ కింద గొయ్యి ఉండాలండి."

కలెక్టరు గారు గొయ్యి అన్న మాట ఇష్టపడలేదు. వేరే మార్గాలు చూడమన్నారు.

మొదటి మార్గంగా, ఆమె కుడి భుజం మీద చెయ్యేసి కిందికి లాగడానికి రికార్డు రూము నుంచి ముకుందం అనే గుమాస్తాను తెచ్చారు. ముకుందం ఏ విషయానికీ చలించడని ఆఫీసులో పేరుంది. సొంత పెళ్ళిలో కూడా పేపరు చదువుకున్నాడని చెప్పుకునేవారు. అతను చెయ్యి వేయగానే ఇరవై కాస్తా ఐదారుకు దిగింది. అందరూ సంతోషించారు. కానీ కౌంటరు తెరిచి జనం రావడం మొదలయ్యాక, నిజమైన బాధల్లోంచి కూడా అతను కొంత కొంత తాగడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ముకుందం స్టూలు పక్కన కూలబడి, ఎప్పుడో చిన్నప్పుడు తప్పిపోయిన మేకపిల్ల పేరు పెట్టి ఏడ్చాడు. తనకు ఇంకే పనైనా ఇవ్వమని బతిమాలుకున్నాడు. అతనికి రికార్డు రూము తిరిగి ఇచ్చారు గాని, ఆ తరవాత అతను పేపరు చదవలేకపోయాడు.

రెండో మార్గంగా రాజధాని నుంచి కొత్త రకం బఫరును పంపించారు. అతను రైలు నుంచి రైలు దాకా రకమని కాగితంలో ఉంది. పై రైలూ కింది రైలూ అంటే పై అంచూ కింది అంచూ అని లింగమూర్తికి తెలుసు గాని, అకౌంట్సు వాళ్ళకు తెలియక రానూ పోనూ టిక్కెట్లు తీశారు. వచ్చినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు, మాట తడుముకోడు. సున్నా అడిగితే సున్నా, ఐదడిగితే ఐదు అన్నాడు. కొలిస్తే ఏడు మిల్లీవోల్టులు వచ్చింది. కుర్చీ ఎక్కువ లాగితే పదమూడుకు పెరిగింది. ఇదేమిటని అడిగితే అతను సంచీలోంచి తన గురించి అచ్చేసిన పుస్తకం తీసి చూపించాడు. అందులో "దాదాపు రైలు దాకా" అని ఉంది. దాదాపు అన్న అక్షరాలు మిగతా వాటికన్నా సన్నగా ఉన్నాయి.

"అసలైన సున్నా ఎవరూ ఇవ్వరండి," అన్నాడతను కాస్త నీరసంగా. "ఇచ్చామని అమ్ముతారు."

ఇక మూడో మార్గం మిగిలింది. సున్నా కన్నా కింద ఉండే సరఫరా కావాలి. దాన్ని వాళ్ళ భాషలో రుణ సరఫరా అంటారు. ఆ మాట చూసి సహకార బ్యాంకు వాళ్ళు అప్పు కాగితాలు పట్టుకొచ్చి రెండు రోజులు వరండాలో కూర్చున్నారు. ఈ రుణం వేరని చెప్పి పంపించాల్సివచ్చింది. మనుషుల్లో సున్నా కన్నా కింద ఎవరుంటారో మొదట ఎవరికీ తెలియలేదు. బాగా కష్టాల్లో ఉన్నవాళ్ళేమో అనుకుని క్యూలో ఉన్నవాళ్ళందర్నీ కొలిచారు. అందరిదీ పైకే చూపించింది. బాధ ఉందంటే ఇంకా ఏదో కావాలనే కదా. కావాలన్నవాడు సున్నాకు పైనే ఉంటాడు.

ప్రహరీ గోడ పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు సన్యాసయ్య. ఎప్పట్నుంచో సోమవారం సోమవారం వస్తాడు, సాయంత్రం దాకా కూర్చుంటాడు, వెళ్ళిపోతాడు. ఏదో పిటిషనుకు మళ్ళీ వారం రమ్మని ఎవరో అన్నారట. అన్నవాళ్ళు బదిలీ అయిపోయారు. అతను రావడం మానలేదు. లింగమూర్తి వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏం కావాలి తాతా?"

"నాకేటీ అక్కర్లేదు బావు. రమ్మన్నారు, వచ్చినాను. మల్లీ రమ్మంటే మల్లీ వస్తాను."

"పని కాలేదని కోపం లేదా?"

"ఏ పని?" అన్నాడు సన్యాసయ్య.

మీటరు ముల్లు ఇటు కాకుండా అటు వాలింది. లింగమూర్తి తన ఉద్యోగంలో అంతవరకూ అటు వాలడం చూడలేదు.

ప్రజాపనుల వాళ్ళు నూకరత్నం స్టూలు కింద గచ్చు పగలగొట్టి, మనిషి కూర్చునేంత గొయ్యి తవ్వారు. సున్నం కొట్టించి, ఒక చాప వేసి, చిన్న ఫ్యాను బిగించారు. మధ్యాహ్నం భోజనం మంజూరు చేయించడానికి లింగమూర్తి నాలుగు బల్లల చుట్టూ తిరిగాడు. సన్యాసయ్యను ఇక రోజూ రమ్మన్నారు. అతను ఏమీ అడక్కుండా అందులోకి దిగి, నూకరత్నం కాళ్ళ కింద నుంచి దించిన తీగ చేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

కౌంటరు మూసేశాక లింగమూర్తి మీటరు పెట్టాడు. ముల్లు ఇరవై దగ్గర్నుంచి కదిలి, ఒకచోట కాస్త ఆగి, దిగి, పూర్తిగా దిగి నిలబడిపోయింది. "వచ్చింది," అన్నాడు గుడిలో మాట్లాడినట్టు.

నూకరత్నానికి మొదట నెత్తిమీది ఫ్యాను చప్పుడు వినిపించింది. అది ఎప్పుడూ తిరిగే ఫ్యానే, కానీ ఇన్నాళ్ళూ దాని మీద ఏదో గుడ్డ కప్పినట్టు ఉండేది. తరవాత తన చేతులు చూసుకుంది. ఎప్పుడు ఎత్తుకుందో తెలియని బిందెను ఎవరో వెనకనుంచి వచ్చి చంకలోంచి తీసుకున్నట్టనిపించింది. భయమేసింది. ఆ భయం కూడా వచ్చినదారినే పోయింది. లోపలి గదిలోంచి కలెక్టరు గారు ఎవరితోనో ఫోనులో హాయిగా నవ్వడం వినబడింది.

ఆ సాయంత్రం ఆమె బెండకాయ వేపుడు చేసింది. సూరిబాబు మిల్లులో జరిగిన ఏదో తగాదా అభినయించి చూపిస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగిపోయాక కూడా ముఖం ఎక్కడా ఆగలేదు. అతను అన్నం కలపడం ఆపి ఆమెనే చూశాడు.

"ఏటలా సూస్తారు?"

"ఏటీ లేదు. కొత్త మనిషిలాగున్నావే," అన్నాడు. పెళ్ళినాటి సిగ్గు అతని ముఖంలో కనిపించింది. అలాంటి సాయంత్రాలు ఆ తరవాత చాలానే వచ్చాయి. ఆమె చీరలకు రంగులు ఎంచుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం కునుకు పట్టేది.

అప్పుడప్పుడు స్టూలు మీద నుంచి వంగి, "తాతా, కింద ఎలాగుంది?" అని అడిగేది.

"సల్లగుంది తల్లీ," అనేవాడు సన్యాసయ్య.

ఒకరోజు ఆమె అడక్కుండానే అతను పైకి చూశాడు. "అమ్మా, ఎవలైనా పెద్దోళ్ళు వస్తే సెప్పు. తూము సంగతొకటి అడగాల."

"ఏ తూము తాతా?"

"రోడ్డేసినప్పుడు మా ఈది సివర తూము మూసేసినారు. వానొస్తే నీల్లు పోడానికి దారి నేదు. ఇంట్లోకొచ్చేస్తన్నాయి. మంచం కోళ్ళ కాడికి వచ్చేస్తన్నాయి. ముసిల్దానికి కీళ్ళనొప్పులు, తడి పడదు." ఇంత మాట్లాడినందుకు అతనే ఆశ్చర్యపడినట్టు ఆగిపోయాడు. "ఎప్పుడో మరిసిపోనాను ఇది. ఎందుకో ఇయ్యాల గేపకమొచ్చింది."

ఎందుకో నూకరత్నానికి అర్థమైంది. తనను సున్నాకు దించడానికి అతని లోతును రోజూ కాస్త కాస్త వాడుకుంటున్నారు. తను దిగినంత మేరా అతను పైకి వస్తున్నాడు. అతనికి ఆశ పుట్టింది. మీటరుకు ఇంకా తెలియలేదు గాని ఆమె పాదాలకు తెలిసింది.

"ఇప్పుడెవరూ లేరు తాతా. కూర్చో," అంది.

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకు బాధ కలగాలి. కౌంటరు దగ్గర ఎవరూ లేరు, కింద సన్యాసయ్య ఉన్నాడు, అందుచేత కలగలేదు. ఆ వారంలో అతను మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే చెప్పింది. ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయింది.

ఆమె చెప్పకపోయినా కొద్ది రోజులకు ముల్లు చెప్పింది. ఒక మిల్లీవోల్టు, రెండు, మూడు. లింగమూర్తి గోతిలోకి దిగి సన్యాసయ్యతో మాట్లాడి, పైకి వచ్చి, విచారంగా నివేదిక ఇచ్చాడు. రుణ సరఫరాదారునికి తూము తెరిపించాలన్న కోరిక పుట్టిందనీ, తూము తెరిపిస్తే సంతోషం కలిగి పూర్తిగా పనికిరాకుండా పోతాడనీ, తెరవబోమని గట్టిగా చెబితే మళ్ళీ మునుపటి లోతుకు వెళ్ళే అవకాశం ఉందనీ అందులో ఉంది. ఏం చెయ్యాలో అతను రాయలేదు. పై సెక్షను వాళ్ళు రాశారు. అత్యవసర సరఫరాల నిర్వహణ దృష్ట్యా సదరు తూమును తెరవరాదు. ప్రతి సోమవారం ఆ సంగతి సరఫరాదారునికి తెలియజేయవలెను.

తెలియజేసే పని బఫరుకే అప్పగించారు, దగ్గరగా ఉంటుంది కాబట్టి.

సోమవారం పొద్దున్న నూకరత్నం గోతి అంచున కూర్చుని కిందికి చూసింది. సన్యాసయ్య ఆ రోజు గడ్డం గీయించుకుని వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఎవరినో కలవబోతున్నవాడిలా ఉన్నాడు. ఆమె నోరు తెరిచింది. కాగితంలో ఉన్న మాటలు చెప్పడమే ఆమె పని. వచ్చింది వచ్చినట్టు చేరవెయ్యడం కోసమే ఆమెను ఆ ఉద్యోగంలోకి తీసుకున్నారు.

"లే తాతా," అంది. "చెయ్యియ్యి."

"ఎవలైనా వచ్చినారా?"

"నువ్వే వచ్చావు. పైకి రా. పలక దగ్గరకి వెళ్ళి నీ మాట నువ్వు చెప్పుకో."

అతని చెయ్యి పట్టుకుని లాగింది. ముసలి ఒళ్ళు, కానీ తేలిగ్గానే వచ్చాడు. అతను తీగ వదిలిన క్షణంలో చుక్క మళ్ళీ వచ్చి అడుగున నిలిచింది. లోపల గదిలో కలెక్టరు గారి మాట మధ్యలో ఆగింది. ఇన్నాళ్ళూ తన నోటితో అన్న మాటల బాధ కూడా ఒక్కసారే వచ్చి నూకరత్నం మీద పడింది. ఆమె దాన్ని కుడిచేతి దాకా పోనివ్వకుండా పళ్ళ బిగువున పట్టి ఉంచింది, సొంతది కలపకూడదు కాబట్టి.

సన్యాసయ్య క్యూ చివర నిలబడ్డాడు. ఆ రోజు క్యూ చాలా పొడుగ్గా ఉంది, సాయంత్రం దాకా అతని వంతు రాలేదు. ఈలోగా పైన నిర్ణయాలు త్వరత్వరగా జరిగిపోయాయి. గొయ్యి ఖాళీ అయిందని తెలిసి కలెక్టరు గారు ఎవరినీ కోప్పడలేదు. ఆయన నిజంగా పద్ధతి గల మనిషి. లింగమూర్తిని పిలిచి ఒకే ప్రశ్న అడిగారు.

"ఎప్పుడూ ఇరవయ్యేనా? మారదా?"

"మారదండి."

"అయితే ఆ ఇరవైనే సున్నా అనుకుంటే?"

లింగమూర్తి చదువుకున్న పుస్తకాల్లో కూడా ఆ పద్ధతి ఉంది, తప్పేమీ కాదు. "చెయ్యొచ్చండి. కుర్చీ దగ్గర ఇరవై తీసేసేలా బిగిస్తే సరిపోతుంది. కాకపోతే..."

"కాకపోతే?"

"నిజంగా ఇరవై కన్నా తక్కువ ఉన్నది ఏదైనా వస్తే అది కూడా సున్నాలాగే కనిపించొచ్చండి. ఆమె ఆ చివర ఎంత తక్కువ వచ్చినా ఇరవై దగ్గరే ఆగిపోతుంది."

"అంత తక్కువ బాధ కోసం జిల్లా కేంద్రం దాకా ఎవరొస్తారండీ?" అన్నారు కలెక్టరు గారు. ఆయన అన్నదాంట్లో వెటకారం లేదు, నిజంగానే అడిగారు. ఇరవై మిల్లీవోల్టుల వరకూ గల బాధను సున్నాగా పరిగణించవలెనని ఉత్తర్వు వెలువడింది. కుర్చీ వెనక చిన్న పెట్టె, దాని మీద బాధ చేరితే వెలిగేలా ఒక దీపం బిగించారు. గోతిని మట్టితో పూడ్చి, పైన కొత్త గచ్చు వేశారు.

మరుసటి సోమవారం సన్యాసయ్య వంతు వచ్చింది. పలకకు దణ్ణం పెట్టి చెయ్యి ఉంచాడు. నూకరత్నం ఎడమ చేతికి ఒక వీధి చివర తెలిసింది. మూసుకుపోయిన తూము, గడప దాటుతున్న బురద నీరు, ఇటుకల మీద ఎత్తిన మంచం, దాని మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ముసలామె. అన్నీ స్పష్టంగా ఉన్నాయి, కానీ పల్చగా ఉన్నాయి. ఆశ ఇంకా లేతది. అందులో కోపం లేదు, ఏడుపు లేదు. తెరిస్తే బాగుణ్ణు అన్నంత మాత్రమే ఉంది. పద్దెనిమిది.

లోపల్నుంచి కలెక్టరు గారు, "బయట ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

అటెండరు తలుపులోంచి పెట్టె మీది దీపం చూశాడు. వెలగలేదు. "ఎవరూ లేరండి," అన్నాడు, సన్యాసయ్యకు తగలకుండా పక్కనుంచి తప్పుకుని వెళ్తూ.

"సేరిందా తల్లీ?" అని అడిగాడు సన్యాసయ్య.

అబద్ధం చెప్పడం నూకరత్నానికి చేతకాదు. చుట్టూ చూసి, స్టూలు మీద నుంచి ముందుకు వంగి, దగ్గరివాళ్ళకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "ఇది చాలదు తాతా. ఇంకాస్త ఉండాలి."

"ఏటి ఉండాల?"

"బాధ."

సన్యాసయ్య తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. "ఎంత సాల్దు?"

ఆమె బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించింది. నిజానికి చాలా కొంచెమే. అతను తన వేళ్ళతో ఆ కొలత పట్టుకుని, మరిచిపోకుండా అలాగే ఉంచుకుని గేటు దాటి వెళ్ళాడు. ఒక మనిషికి ఉపయోగపడే మాట చెప్పానని నూకరత్నం అనుకుంది. ఉత్తర్వును మార్చడం ఆమె చేతిలో లేదు. చెప్పి పంపడం ఉంది.

ఆ మాట క్యూలో పాకింది. వరండాలో నీడన ఉన్న బెంచీల మీద జనం కూర్చోవడం మానేశారు. ఎండలో చెప్పులు విడిచి నిలబడేవారు. వంతు దగ్గరపడుతుంటే కళ్ళు మూసుకుని, జరిగిన చెడంతా ఒక్కొక్కటే తలుచుకునేవారు. దారిలో దొరికిన ఇడ్లీ కూడా తినకుండా వచ్చేవారు. చంటిపిల్లలున్నవాళ్ళు పిల్లలకు కూడా పెట్టకుండా తెచ్చేవారు. పక్కవాడు నవ్వితే, తగ్గిపోతుంది ఊరుకో అని కసురుకునేవారు. నూకరత్నం దగ్గరకు వచ్చాక ఆమె సరిపోయిందంటే ఊపిరి పీల్చుకునేవారు. చాలలేదంటే, ఏం గుర్తు తెచ్చుకోవాలో ఆమెనే అడిగేవారు. ఆమె ఓపిగ్గా చెప్పేది. తనిఖీకి వచ్చిన పై అధికారి బెంచీలు ఖాళీగా ఉండటం చూసి కారణం అడిగితే, ఇక్కడి జనానికి ఎండ ఇష్టమని సిబ్బంది చెప్పారు. బెంచీలు తీయించి అక్కడ స్కూటర్లు పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చి ఆయన వెళ్ళారు. పెరుగన్నం తినేటప్పుడు కలెక్టరు గారి కళ్ళు ఇప్పుడు చెమర్చడం లేదు.

ఆ ఏడు వానలు తొందరగా పడ్డాయి. సన్యాసయ్య శ్రావణంలో వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా బురద. గడ్డం మాసి ఉంది. అతని ముఖం చూసి ముందున్నవాళ్ళు తమంతట తామే దారి ఇచ్చారు. పలక మీద చెయ్యి పెట్టాడు.

నూకరత్నం ఎడమ చేతిలోకి మంచం వచ్చింది. ఇటుకలు నీళ్ళలో మునిగి ఉన్నాయి. మంచం ఖాళీగా ఉంది.

ఆమె దాన్ని వచ్చింది వచ్చినట్టు కుడి చేతిలోంచి అటు పంపింది. పెట్టె మీద దీపం వెలిగింది. లోపల కుర్చీ కిర్రుమంది, కలెక్టరు గారు లేచి వస్తున్న చెప్పుల చప్పుడు వినబడింది.

"ఇప్పుడు సరిపోయిందా తల్లీ?" అని అడిగాడు సన్యాసయ్య.

"సరిపోయింది తాతా," అంది నూకరత్నం.

అతను హమ్మయ్య అనుకుని, ఇన్నాళ్ళూ దగ్గరగా పట్టి ఉంచిన రెండు వేళ్ళనూ మెల్లగా విడదీశాడు.